మౌనానికి అర్థం చెప్పేదెవరు?

'మౌనం అర్ధాంగీకారం' అంటారు మన పెద్దలు. పంచాయితీల్లో, పెళ్ళి మాటల్లో, ఇంట్లో జరిగే చిన్నచిన్న తగాదాల్లో ఈ మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. నోరు మెదపలేదంటే ఒప్పుకున్నట్లేనని దాని భావం. మదరసాలో ఫిఖ్హ్ సూత్రాలు చదువుకునే విద్యార్థికి మాత్రం ఇదే విషయం మీద వేరొక సూత్రం నేర్పుతారు. ఉస్మానీ ఖిలాఫత్ కాలంలో, 1869-76 మధ్య, హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా తయారైన 'మజల్లా' అనే న్యాయస్మృతిలో అది 67వ అంశం. మౌనంగా ఉన్న మనిషికి ఏ మాటనూ అంటగట్టరాదన్నది ఆ సూత్రంలోని మొదటి సగం. మాట్లాడి తీరవలసిన చోట మౌనం వహిస్తే అది మాటతో సమానమన్నది రెండవ సగం.

మన సామెత రెండవ సగాన్ని మాత్రమే గుర్తుంచుకుంది. పైగా దాన్ని అన్ని సందర్భాలకూ వర్తింపజేసింది. ఒకరి సొత్తును పరాయివాడు అమ్మేస్తుంటే యజమాని చూస్తూ ఊరుకున్నాడనుకోండి. ఆ ఊరుకోవడాన్ని అమ్మకానికి అనుమతిగా పరిగణించకూడదని హనఫీ పండితులు స్పష్టంగా రాశారు. అతను భయపడి ఉండవచ్చు, నిర్ఘాంతపోయి ఉండవచ్చు, మరేదైనా కారణం ఉండవచ్చు. పెళ్ళి సంబంధం విషయంలో కన్య మౌనాన్ని సమ్మతిగా తీసుకోవచ్చని హదీసులో ఉన్న మాట నిజమే. కాని అక్కడ ముందుగా ఆమెను అడగాలన్నది షరతు. అడగకుండానే ఒకరి మౌనానికి అర్థం చెప్పే అధికారం ఎవరికీ ఇవ్వబడలేదు.

ఈ సూత్రం గురించి మేము మళ్ళీ మళ్ళీ ఆలోచించేలా చేసింది ఒక అమెరికన్ నవల. లారీ హాల్స్ ఆండర్సన్ అనే రచయిత్రి 1999లో ప్రచురించిన ఆ పుస్తకం పేరు 'స్పీక్', అంటే 'మాట్లాడు'. హైస్కూలు వయసు పిల్లల కోసం రాసిన నవల. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్ నగరంలో కథ జరుగుతుంది. మెలిండా సోర్డినో అనే అమ్మాయి తొమ్మిదవ తరగతిలో చేరిన మొదటి రోజుతో మొదలవుతుంది. బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. నిన్నటివరకు ప్రాణస్నేహితురాలైన రేచల్ ముఖం తిప్పుకుంటుంది. ఎవరో తెలియని పిల్లలు సైతం ఆమెను చూసి ఈసడించుకుంటారు. కారణం ఏమిటంటే, వేసవి సెలవుల చివర జరిగిన ఒక విందుకు పోలీసులను పిలిపించింది ఆమే. పోలీసులు రాగానే విందు చెదిరిపోయింది, కొందరు పట్టుబడ్డారు. తోటివారిని పట్టించిన ద్రోహి అని బడి మొత్తం తీర్పు చెప్పేసింది.

ఆ రాత్రి ఆమె ఫోను ఎందుకు చేసిందో బడిలో ఎవరికీ తెలియదు. పాఠకునికి కూడా చాలాదూరం వరకు చెప్పరు. ఆ విందులో పై తరగతి చదివే ఆండీ ఎవాన్స్ అనే అబ్బాయి ఆమెపై అత్యాచారం చేశాడు. ఆమె 911 నంబరుకు ఫోను చేసింది కాని గొంతు పెగల్లేదు, జరిగింది చెప్పలేకపోయింది. పోలీసులు వచ్చేసరికి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. ఆ తర్వాత విద్యా సంవత్సరమంతా ఆమె మాటలు తగ్గిపోతూ వస్తాయి. పెదవులు కొరుక్కుని పుండ్లు చేసుకుంటుంది. క్లాసులు ఎగ్గొట్టి, బడిలో ఎవరూ వాడని ఒక చిన్న సామాన్ల గదిలో దాక్కుంటుంది. మార్కులు పడిపోతాయి. ఆమె ఇంటిపేరు సోర్డినో. ఇటాలియన్ సంగీత పరిభాషలో ఆ మాటకు వాద్యం గొంతును అణచే సాధనమని అర్థం. రచయిత్రి ఆ పేరు ఊరికే పెట్టి ఉండదు.

ఇలాంటి పుస్తకం గురించి ధార్మిక పత్రికలో ఎందుకని కొందరు అడుగుతారు. నవలలంటే మన ఇళ్ళలో పెద్దలకు మొదటినుంచీ అనుమానమే. ఉర్దూలో తొలి నవలగా చాలామంది లెక్కించే 'మిరాతుల్ ఉరూస్'ను డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో ప్రచురించింది ఆడపిల్లల శిక్షణ కోసమే. ముందు తన కూతుళ్ళ కోసం రాసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆయన మన హైదరాబాదు సంస్థానంలోనే ఉద్యోగం చేశారు. ఆయన నవలలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు అక్బరీ, అస్గరీ. ఒకరు చెడ్డ, ఒకరు మంచి. అక్బరీ చేసే ప్రతి పని బయటినుంచి చూసి ఆమె ఎలాంటిదో మనం ఇట్టే చెప్పేయవచ్చు. బోధన కోసం రాసిన కథకు అది సరిపోతుంది. 'స్పీక్' అందుకు పూర్తిగా తిరగబడిన పుస్తకం. బయటినుంచి చూస్తే మెలిండా అక్బరీకి అక్క అవుతుంది. మొండిది, చదువు ఎగ్గొట్టేది, పెద్దలకు జవాబివ్వనిది. లోపలినుంచి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది, ఆ లోపలికి మనల్ని పంపించేది రచయిత్రి. మన ఇంట్లో పిల్ల విషయంలో అలా లోపలికి పంపించేవారు ఎవరూ ఉండరు.

ఈ పుస్తకాన్ని కూడా పైపైన చూసి తీర్పు చెప్పినవారున్నారు. 2010లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక ప్రొఫెసర్ దీన్ని అశ్లీల సాహిత్యమని, బడుల నుంచి తీసేయాలని పత్రికకు రాశాడు. పుస్తకంలో ఉన్నది పాపాన్ని ఆకర్షణీయంగా చూపడమా, పాపానికి బలైన పిల్ల గాయాన్ని చూపడమా అన్న తేడా ఆయనకు కనబడలేదు. తానూ పదమూడేళ్ళ వయసులో ఇటువంటి దారుణానికి గురయ్యానని రచయిత్రి 2019లో తన స్వీయకథలో వెల్లడించింది. అంటే ఆ నవల వచ్చిన ఇరవై ఏళ్ళకు. ఆ పుస్తకం భాష, వాతావరణం అమెరికావి, మనకు నచ్చనివి అందులో కొన్ని ఉన్నాయి. అయినా అది లేవనెత్తే ప్రశ్న మనది కూడా.

ఆ ప్రశ్న ఇది. మెలిండా బడిలో ఎవరైనా అబద్ధం చెప్పారా? చెప్పలేదు. 'ఆమె పోలీసులకు ఫోను చేసింది' అన్నారు, నిజంగానే చేసింది. దివ్యఖుర్ఆన్ సూరె హుజురాత్ 6వ ఆయతులో, దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించమని ఆదేశం ఉంది. ఆ ఆదేశాన్ని పాటించి ఆ పిల్లలు విచారణ చేసి ఉన్నా వార్త నిజమనే తేలేది. మరి తప్పు ఎక్కడ జరిగింది? వార్తలో కాదు, దానికి వారు జోడించిన కారణంలో జరిగింది. ఫోను చేయడం కంటికి కనబడే పని. ఎందుకు చేసిందన్నది మనసులోని సంగతి. కనబడేదానికి సాక్ష్యం దొరికింది కాబట్టి కనబడనిదానికి కూడా దొరికినట్లేనని అందరూ అనుకున్నారు. అందుకే అదే సూరెలో మరి కొన్ని ఆయతుల తర్వాత, 12వ ఆయతులో, వేరొక ఆదేశం వచ్చింది. అనుమానాలకు ఎక్కువగా దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని అక్కడ హెచ్చరించబడింది. ఆ వెంటనే కూపీలు లాగడాన్ని, ఆ తర్వాత పరోక్షనిందను వారించడం జరిగింది. వరుస గమనించండి. మొదట మనసు, తర్వాత కన్ను, చివరికి నాలుక.

మనసులో అనుకున్నంతమాత్రాన పాపమెలా అవుతుంది, ఎవరికీ చెప్పలేదు కదా అని అడిగేవారుంటారు. ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యాఉల్ ఉలూమ్'లో నాలుక వల్ల కలిగే ఆపదలను వివరిస్తూ, 'హృదయంతో చేసే ఘీబత్' అనే అంశానికి ప్రత్యేకంగా చోటిచ్చారు. మనసులో మెదిలి పోయే ఆలోచనకు మన్నింపు ఉందన్నారు. హృదయం దాని మీద స్థిరపడి తీర్పు చెప్పడమే నిషిద్ధమన్నారు. స్థిరపడిందని ఎలా తెలుస్తుందంటే దానికి గుర్తు కూడా చెప్పారు. ఆ మనిషి పట్ల మన హృదయం మునుపు ఉన్నట్లు ఉండదు. అతన్ని చూస్తే ముడుచుకుంటుంది, అతని పలకరింపు బరువనిపిస్తుంది, అతని మంచిచెడ్డలు చూడటంలో, గౌరవించడంలో మనం వెనుకబడతాము. 'స్పీక్' నవలలో రేచల్ చేసింది సరిగ్గా ఇదే. ఆమె మెలిండాను కొట్టలేదు, ఆమె మీద కొత్త కథలు కట్టలేదు. ముఖం తిప్పుకుంది, అంతే. ఒహాయో నుంచి కొత్తగా వచ్చిన హెదర్ అనే పిల్ల కొన్నాళ్ళు ఆమెతో తిరిగి, ఈమె పక్కన కనబడితే తనకు బడిలో పరువుండదని వదిలేసింది. వేళ్ళ మీద లెక్కపెట్టి ఇది నేరమని చూపడానికి ఏమీ లేదు. తలా కొంచెం చేశారు, పిల్ల గొంతు మూగబోయింది.

ఇక్కడ మాకు ఇద్దరు పుణ్యస్త్రీలు గుర్తుకు వస్తారు. మెలిండాను వారితో పోల్చడం మా ఉద్దేశం కాదు, వారి స్థాయి వేరు. కాని వారి విషయంలో జనం చేసిన తప్పు అచ్చం ఇలాంటిదే.

మొదటివారు హజ్రత్ మర్యం (అ). ఆమె బిడ్డను ఎత్తుకుని తన జనం వద్దకు వచ్చారు. బిడ్డ ఉన్నమాట నిజమే, అందరి కళ్ళకూ కనబడుతోంది. దానికి కారణం మాత్రం వారే కల్పించారు. అదీ ఎలాగంటే, నీ తండ్రి చెడ్డవాడు కాడే, నీ తల్లి నడత తప్పినది కాదే అంటూ మంచి కుటుంబం పేరెత్తి మరీ కల్పించారు. సూరె మర్యంలో ఈ సంఘటన వివరంగా ఉంది. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడనని మౌనవ్రతం పాటిస్తున్నట్లు తెలపమని ఆమెకు దైవం తరఫున ఆదేశం ఉంది. కాబట్టి ఆమె బిడ్డవైపు చూపి ఊరుకున్నారు. ఆ మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకున్నవాడి గతి ఏమవుతుందో ఊహించుకోండి. ఆ మౌనం ఆరాధన.

రెండవవారు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి). బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగివస్తున్నప్పుడు జరిగింది. అది హిజ్రీ 5వ సంవత్సరమా, 6వదా అన్న విషయంలో చరిత్రకారుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. విడిదిలో కాలకృత్యాలకు వెళ్ళిన ఆమె మెడలోని హారం ఎక్కడో తెగిపడింది. వెతుక్కుని వచ్చేసరికి దళం బయలుదేరి వెళ్ళిపోయింది. ఆమె తేలికగా ఉండేవారు కాబట్టి, ఆమె లోపలే ఉన్నారనుకుని అంబారీని ఒంటెమీదకు ఎత్తేశారు. తన కోసం తిరిగి వస్తారని ఆమె అక్కడే కూర్చున్నారు. దళం వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను చూసి, ఒంటెను కూర్చోబెట్టి, ఆమె ఎక్కిన తర్వాత పగ్గం పట్టుకుని నడిపించుకుంటూ మధ్యాహ్నానికి దళాన్ని చేరుకున్నారు. ఇద్దరూ కలిసి రావడం నిజం. జనం చూశారు. కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్‌కి అంతకన్నా ఎక్కువ ఏమీ కావలసింది లేదు. కారణం అతను చేర్చాడు.

ఆ తర్వాత దాదాపు నెల రోజుల కథ బుఖారీలో ఆమె నోటి మాటగానే సుదీర్ఘంగా ఉంది. మదీనా తిరిగి వచ్చాక ఆమె జబ్బుపడ్డారు. ఊరంతా అనుకుంటున్న సంగతి ఆమెకే తెలియదు. జబ్బు చేసినప్పుడు దైవప్రవక్త (స) చూపే లాలన ఈసారి కనబడటం లేదన్నది మాత్రమే ఆమె గమనించారు. ఒక రాత్రి మిస్తహ్ తల్లితో కలిసి బయటికి వెళ్ళినప్పుడు, ఆ తల్లి కాలు తడబడి తన కొడుకునే తిట్టుకుంది. బద్ర్‌లో పాల్గొన్న మనిషిని తిడతావేమమ్మా అని ఆయిషా (రజి) మందలిస్తే, అప్పుడు తెలిసింది. నింద పడిన మనిషి చివరిగా తెలుసుకోవడం లోకంలో ఎప్పుడూ ఉన్నదే.

ఆమెను ఎరిగినవారిని అడగడం జరిగింది. ఇంట్లో పని చేసే బరీరా (రజి) ఏమన్నారో చూడండి. ఈమెలో నేను ఎంచగల లోపం ఒక్కటే, చిన్న వయసు పిల్ల, పిండి తడిపి పెట్టి నిద్రపోతుంది, మేక వచ్చి తినిపోతుందని ఆమె భావం. సవతి అయిన హజ్రత్ జైనబ్ (రజి)కి నోరు జారడానికి కావలసినంత అవకాశం ఉంది. సొంత చెల్లెలు ఆమె పక్షం వహించి నిందను మోసుకు తిరుగుతోంది కూడా. అయినా తాను కంటితో చూడనిది, చెవితో విననిది అననని జైనబ్ తప్పుకున్నారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సంగతి తఫ్సీర్ గ్రంథాలలో ఉంది. ఆయన భార్య ఈ ప్రచారం ఎత్తినప్పుడు, అటువంటి పని నువ్వు చేస్తావా అని ఆయన ఆమెనే అడిగారు. చేయనంది. ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారు. సూరె నూర్ 12వ ఆయతు విశ్వాసులను నిలదీసింది కూడా ఈ విషయంలోనే. మాట వినగానే సొంత మనుషుల గురించి ఎలా అనుకుంటారో అలా మంచిగా ఎందుకు అనుకోలేదని ప్రశ్నించింది. బరీరా, జైనబ్, అబూ అయ్యూబ్ వద్ద కొత్త సాక్ష్యాలేమీ లేవు. ఊరిలో మిగతావారికి తెలిసినంతే వారికీ తెలుసు. తెలియని చోట ఆగిపోయారు.

చివరికి ఆమె తల్లిదండ్రుల సమక్షంలో దైవప్రవక్త (స) ఆమెనే అడిగారు. అప్పుడు ఆమె ఇచ్చిన సమాధానం మా దృష్టిలో ఈ విషయం మొత్తానికి కేంద్రం. నేను నిర్దోషినంటే మీరు నమ్మరు, చేయనిదాన్ని ఒప్పుకుంటే నమ్ముతారు, కాబట్టి యూసుఫ్ (అ) తండ్రి చెప్పినట్లు చక్కని సహనమే నాకు దారి అన్నారు. దుఃఖంలో యాఖూబ్ (అ) పేరు కూడా ఆమెకు గుర్తు రాలేదు. నిజం చెప్పినా వినేచోటు లేదని తెలిసిపోయినప్పుడు మనిషి ఊరుకుంటుంది. ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటిస్తూ ఆయతులు దిగాయి, ప్రళయం వరకు చదవబడతాయి. మన ఇళ్ళలోని అమ్మాయిల కోసం వహీ దిగదు.

మెలిండా మౌనానికీ ఆ కారణమే ఉంది. ఆమె తల్లి బట్టల దుకాణం నడిపిస్తుంది, తండ్రి ఇన్సూరెన్సులో. ముగ్గురూ ఒకరికొకరు చీటీలు రాసి వంటింట్లో పెట్టుకుని సంసారం నడుపుతుంటారు. మార్కులు పడిపోయాక తల్లిదండ్రులను బడికి పిలిపిస్తారు. ఆమె నోరు విప్పదు. అందరి దృష్టి తన మీద పడాలనే ఈ నాటకమని తల్లి అంటుంది. హాజరు ఎంత, మార్కులు ఎన్ని అన్న లెక్కలు బల్ల మీద ఉన్నాయి, వాటిని చదివారు. పిల్ల ముఖాన్ని చదివినవారు ఆ గదిలో లేరు. చెడ్డ తల్లిదండ్రులని మేము అనము. అలసిపోయినవారు.

మన ఇళ్ళ సంగతి వేరా? మన దగ్గర చీటీలు ఉండవు, మాటలు చాలానే ఉంటాయి. కాని ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచి నేర్పేది ఏమిటి? నోరెత్తకు, ఎదురు చెప్పకు, ఇంటి గుట్టు బయటపెట్టకు, సిగ్గు పడు. ఇవి చెడ్డవని కాదు, హయా ఈమాన్‌లో భాగమని మేమూ చదువుకున్నాము, బోధిస్తున్నాము. అయితే ఏదైనా జరిగినప్పుడు మనం మొట్టమొదట అడిగేది 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అని. పదిహేనేళ్ళు మౌనం నేర్పి, ఆ నేర్చుకున్నదాన్నే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యంగా పెడతాము. హయా అంటే పాపం చేయడానికి సిగ్గుపడటం. తనమీద జరిగిన పాపాన్ని తల్లికి చెప్పడానికి సిగ్గుపడమని ఏ గ్రంథంలోనూ మేము చదవలేదు.

ఒక సందేహం ధార్మికంగా ఆలోచించేవారికే ఎక్కువగా వస్తుంది. ఆ అమ్మాయి ఒకరి పేరు చెబితే అది ఘీబత్ అవదా? సాక్షులు లేకుండా పేరెత్తితే నింద మోపినట్లు కాదా? నవలలో మెలిండా బడి మరుగుదొడ్డి గోడ మీద, దూరంగా ఉండవలసిన అబ్బాయిల జాబితా అని రాసి కింద ఆండీ పేరు రాస్తుంది. కొన్నాళ్ళకు వెళ్ళి చూస్తే ఆ పేరు కింద ఇతర అమ్మాయిలు తమ అనుభవాలు రాసి ఉంటారు. అప్పటిదాకా తానొక్కతే అనుకున్న పిల్ల అది. తర్వాత రేచల్ అదే ఆండీతో తిరుగుతుంటే మెలిండా ఉండబట్టలేక లైబ్రరీలో కాగితం మీద రాసి ఆమెకు జరిగింది చెబుతుంది. రేచల్ కరిగిపోతుంది, జాలిపడుతుంది. ఎవరని అడుగుతుంది. పేరు చూడగానే నువ్వు అబద్ధాలకోరువి, అసూయతో చెబుతున్నావని మండిపడుతుంది. పేరు తెలిసేవరకే జాలి.

ఘీబత్ గురించి హదీసులో ఉన్న నిర్వచనం చాలామందికి తెలుసు. మనిషిలో ఉన్న లోపాన్ని అతని వెనుక చెబితే ఘీబత్, లేనిదాన్ని చెబితే అపనింద. అయితే సూరె నిసా 148వ ఆయతు ఒక మినహాయింపును స్పష్టంగా చేసింది. చెడును బాహాటంగా చెప్పడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవారు తప్ప. ఇమామ్ నవవీ (రహ్మలై) 'రియాజుస్సాలిహీన్'లో పరోక్షంగా చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను లెక్కగట్టారు. వాటిలో మొదటిది అన్యాయానికి గురైనవారు మొరపెట్టుకోవడం. ఇతరులను కీడు నుంచి హెచ్చరించడం కూడా ఆ ఆరింటిలో ఉంది. రేచల్‌కు చెప్పినప్పుడు మెలిండా చేసింది ఘీబత్ కాదు, హితబోధ.

తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఒక హదీసు ఉంది. దాని సనద్ మీద, కొన్ని వివరాల మీద ముహద్దిసుల చర్చ ఉన్నా తిర్మిజీ దాన్ని స్వీకరించారు. దైవప్రవక్త (స) కాలంలో ఒక స్త్రీ నమాజుకు బయలుదేరింది. దారిలో ఒకడు ఆమెను బలాత్కరించి పారిపోయాడు. ఆమె కేకలు విని వచ్చినవారు ఆ దారిన పోతున్న వేరొకరిని పట్టుకున్నారు. ఆమె కూడా ఇతడేనంది. శిక్ష విధించబోయేంతలో అసలు దోషి లేచి నిలబడి ఒప్పుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ స్త్రీకి, వెళ్ళు, అల్లాహ్ నిన్ను మన్నించాడన్న అభయం ఇచ్చారు. పొరపాటున పట్టుబడిన మనిషితో మంచి మాట మాట్లాడారు. ఆమెను నలుగురు సాక్షులను తెమ్మన్నట్లు ఆ హదీసులో లేదు. ఆ వేళలో ఎందుకు బయటికి వచ్చావని అడిగినట్లూ లేదు. మగవాడి మీద కూడా తప్పుడు తీర్పు పడవచ్చునన్న హెచ్చరిక ఇందులో ఉంది, దాన్ని మేము దాచడం లేదు. వినడం వేరు, శిక్షించడం వేరు. శిక్షకు రుజువులు కావాలి, అది ఖాజీ పని, న్యాయస్థానం పని. తల్లి న్యాయస్థానం కాదు. స్నేహితురాలు కాదు. కూతురు ఏడుస్తూ వస్తే సాక్ష్యాల లెక్క అడగడం షరీఅత్ పేరుతో చేసే క్రూరత్వం.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ఈ వినడం గురించి కొంత ఆలోచించింది. 18 ఏళ్ళలోపు పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంట్లోనో, వారు కోరుకున్న చోటనో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, తీసుకునేటప్పుడు పోలీసు దుస్తుల్లో ఉండకూడదు. పిల్ల పేరు, బడి, చిరునామా పత్రికల్లో రాకూడదు. పరువు పోతుందన్న భయంతో నోరు నొక్కుకునే కుటుంబాలు ఈ సంగతులు తెలుసుకోవాలి. 1098 నంబరు ఇంట్లో పెద్దపిల్లలకు కూడా కంఠస్థం చేయించాలి.

నవలలో చివరికి ఆండీ ఆమెను ఆ చిన్న గదిలోనే మళ్ళీ నిర్బంధిస్తాడు. ఈసారి ఆమె అరుస్తుంది, పగిలిన అద్దం ముక్కతో ఎదిరిస్తుంది. తలుపు బయట ఆటల జట్టు అమ్మాయిలు చేరుకుంటారు. బడి మొత్తానికి నిజం తెలిసిపోతుంది. ఏడాదంతా ఈసడించినవారు ఇప్పుడు మెచ్చుకుంటారు. మాకు ఆ భాగం అంత ముఖ్యమనిపించలేదు. కళ్ళ ముందు రుజువు పెట్టాక నమ్మడం ఎవరైనా చేస్తారు. రుజువు లేని నెలల్లో ఎవరు ఎలా ఉన్నారన్నదే అసలు పరీక్ష. ఆ నెలల్లో ఆమెకు మిగిలింది ముఖ్యంగా చిత్రలేఖనం ఉపాధ్యాయుడు ఫ్రీమన్. సంవత్సరం మొదట్లో ఒక్కొక్కరితో చీటీ తీయించి, అందులో ఉన్న వస్తువునే ఏడాదంతా గీయమన్నాడు. ఆమెకు 'చెట్టు' అని వచ్చింది. ఎంత గీసినా చచ్చిన చెట్టులాగే వస్తుంటే ఆయన తిట్టలేదు, ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగనూ లేదు. మళ్ళీ గీయమన్నాడు. బడి చివరి రోజు చెట్టు పూర్తవుతుంది. నువ్వు చాలా కష్టం పడ్డావు కదా అన్న అర్థంలో ఆయన ఒక మాట అంటాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టే చోట పుస్తకం ఆగిపోతుంది.

ఆయిషా (రజి) చెప్పిన ఆ సుదీర్ఘ హదీసులోనూ ఇలాంటి మనిషి ఒకరున్నారు. వాక్యం రెండు మూడు ముక్కల్లో అయిపోతుంది, చదివేవారు దాటిపోతుంటారు. ఆమె రెండు రాత్రులు, ఒక పగలు కన్నీరు ఆగకుండా ఏడ్చారు. తల్లిదండ్రులు పక్కన కూర్చుని ఉన్నారు. అప్పుడు ఒక అన్సారీ స్త్రీ వచ్చి లోపలికి రావచ్చునా అని అడిగింది. రమ్మన్నారు. ఆమె వచ్చి, పక్కన కూర్చుని, ఆమెతోపాటు ఏడ్చింది. ఆ స్త్రీ పేరు అక్కడ చెప్పలేదు, ఏమైనా మాట్లాడినట్లు కూడా లేదు.